బొల్లితాతకు మొదటి ముద్ద

అనగనగా, జంతువులకు మాటలు వచ్చిన కాలం. వచ్చినా, పని పడితే తప్ప అవి నోరు విప్పని కాలం.

ఆ కాలంలో బీరప్ప అనే గొర్రెల కాపరి పచ్చిక వెతుక్కుంటూ సొంత ఊరు విడిచి, ఏడు వాగులు దాటి, పేరు తెలియని ఒక కొండ కింద మంద దింపాడు. అతని వెంట భార్య సాయవ్వ వచ్చింది. తమ్ముడు ఓదెలు వచ్చాడు. కూతురు నీలి వచ్చింది. కొడుకు కొమ్రు తల్లి చంకనెక్కి వచ్చాడు. సంగటి పెడితే సగం నోట్లోకి, సగం బొడ్డు మీదికి పోయే వయసు వాడిది.

వీళ్లందరినీ, వీళ్ల గొర్రెలనూ దారి తప్పకుండా తోలుకొచ్చింది మాత్రం బొల్లిగాడు.

బొల్లిగాడు కుక్క. ఒళ్లంతా నలుపు, నుదుటి మీద అరచేయంత తెలుపు. సాయవ్వ కొత్తపెళ్లికూతురిగా అత్తవారింటికి వస్తూ ఒడిలో పెట్టుకుని తెచ్చుకున్న కూన. పిల్లలు పుట్టేసరికే వాడికి మీసాలు నెరిశాయి. అందుకని పిల్లలు వాడిని బొల్లితాత అనేవారు.

సాయవ్వకు జాగ్రత్త ఎక్కువ. పిల్లలు తాగే నీళ్లు ముందు తను తాగి చూసేది. చల్లారిన అంబలిని మళ్లీ ఊదేది. పడుకునే చోట ఒక రాయి ఎత్తి తేలు లేదని చూసి, అంతటితో ఆగక, పక్క రాయి కూడా ఎత్తి చూసేది. "ఈ కొత్త దేశంలో మనకు అత్తలు లేరు, పెద్దమ్మలు లేరు. పిల్లలకు ముల్లు గుచ్చుకున్నా నేనే, పీడకల వచ్చినా నేనే" అని తనలో తాను అనుకునేది.

బొల్లిగాడు ఒక్కడు పక్కనుంటే మాత్రం ఆమెకు కాస్త నిబ్బరం.

ఆ మందకు ఒక కట్టుబాటు ఉండేది. పొద్దు వాలగానే గొర్రెలను ముళ్లకంప దడిలోకి తోలేవారు. అప్పుడు బొల్లిగాడు దడి చుట్టూ ఒక్క చుట్టు తిరిగేవాడు. వాసన చూసేవాడు. చెవి పెట్టి వినేవాడు. చుట్టు పూర్తయ్యాక ఒక్కసారి "భౌ" అనేవాడు. అంటే, అందరూ వచ్చారు, తలుపు వేసుకోండి అని. ఆ భౌ వినబడ్డాకే సాయవ్వ కుండ మీద మూత తీసేది. చుట్టం వచ్చినా సరే, వాన వచ్చినా సరే, కొమ్రు ఆకలని నేల మీద పొర్లినా సరే, భౌ అనక ముందు మూత లేచేది కాదు.

గొర్రెలు లోపలికి పోయాక మనుషులు తినేవారు. మనుషులు తిన్నాక కుక్క తినేది. అది వరస.

రెండేళ్లు గడిచాయి. బొల్లిగాడి ఒక కన్ను మసకేసింది. ముందు కాళ్లు ఒక దారి అంటే వెనక కాళ్లు ఇంకో దారి అనసాగాయి. ఒక్క చుట్టు తిరగడానికి చాలా సేపు పట్టేది. సగం దూరం పోయి కూర్చునేవాడు. కూర్చున్నాక ఎటునుంచి వచ్చాడో మరచిపోయేవాడు. మరచిపోయాక, పనిలో తేడా రాకూడదని, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు.

కుండలో సంగటి చల్లారేది. చల్లారి గట్టిపడేది.

"వదినా, ఈ ముద్దతో కొడితే తోడేలు కూడా పడిపోతుంది" అన్నాడు ఓదెలు ఒకనాడు.

"మెల్లగా నమలు" అంది సాయవ్వ.

"నమలడానికి పళ్లు ఉండాలి కదా వదినా. నిన్న ఒకటి కదిలింది."

"అయితే మింగు."

బీరప్ప మీసం దువ్వుకుంటూ భార్య వైపు చూశాడు. "ఏమే సాయవ్వా, బొల్లిగాడికి మొదటి ముద్ద పెట్టే వేళ అయిందేమో."

ఆ మాట వినగానే సాయవ్వ చేతిలోని గరిటె కిందపడింది.

మొదటి ముద్ద అంటే ఆ కాపరుల ఆచారం. కుక్క బతుకంతా అందరికన్నా చివర తింటుంది కదా. ముసలిదై ఇక చుట్టు తిరగలేనప్పుడు, ఒక సాయంత్రం ఇంటి ఇల్లాలు మొదటి ముద్ద దానికే పెడుతుంది. అది తిన్నాకే మనుషులు తింటారు. ఆ తరువాత ఒక్కొక్కరూ ఆ కుక్క గురించి ఒక ముచ్చట చెప్పాలి. ఆ ముచ్చట అందరినీ నవ్వించాలి. నవ్వించకపోతే ఇంకొకటి చెప్పాలి. అక్కడితో ఆ కుక్కకు పని నుంచి సెలవు. ఉన్నన్నాళ్లూ ఎండ కాచుకుంటూ, తోక ఊపుకుంటూ ఉండిపోవచ్చు.

"పెట్టను" అంది సాయవ్వ.

"ఎందుకే?"

"మా పుట్టింట్లో గండుగాడికి పెట్టారు, పోయాడు. మీ ఇంట్లో మైలిదానికి పెట్టారు, పోయింది. మా మేనమామ మందలో ఎవరికి పెట్టినా వాళ్లంతా పోయారు. ముద్ద తిని బతికిన కుక్కను ఒక్కదాన్ని చూపించు!"

"అయ్యో, ముసలివాటికే కదా పెట్టేది?" అన్నాడు బీరప్ప.

"అదే నేను చెప్పేది. పెట్టకపోతే పోవు."

బీరప్ప, ఓదెలు ఇద్దరూ తలవంచుకుని సంగటి కొరికారు. టక్కుమని చప్పుడైంది.

సాయవ్వ భయమంతా పిల్లల గురించి. నీలి నిద్రపోయేది బొల్లితాత వీపు మీద తల పెట్టి. కొమ్రు నడక నేర్చింది బొల్లితాత తోక పట్టుకుని. "వాడు పోతే ఈ పిల్లలు ఏమైపోతారు? ఏడుపు ఆపడానికి ఇక్కడ ఎవరున్నారు?" అనుకుంది. అందరికీ గట్టిగా చెప్పింది. "బొల్లిగాడు ముసలివాడయ్యాడన్న మాట పిల్లల చెవిన పడితే చూడండి!"

చుట్టు తిరగడం కష్టమైతే చుట్టునే చిన్నది చేద్దామని ఆమెకు తోచింది. మరునాడు పగలంతా కష్టపడి ముళ్లకంప లోపలికి జరిపింది. దడి సగానికి సగం తగ్గింది. సాయంత్రం గొర్రెలను తోలితే, ఒకదాని కాళ్లు ఒకదాని వీపు మీద పడ్డాయి. గొర్రెపిల్లలు తల్లుల తలల మీద నిలబడ్డాయి. ముసలి పొట్టేలు మధ్యలో ఇరుక్కుని నోరు తెరిచింది.

"సాయవ్వా, నా కొమ్ములు ఎవరి చంకలో ఉన్నాయో కాస్త చూసి చెప్తావా?"

అంతలో లోపల ఎవరో తుమ్మారు. ఒకరు తుమ్మితే అందరూ ఊగారు. దడి ఫెళ్లున విరిగింది. గొర్రెలు నాలుగు దిక్కులా పోయాయి. బొల్లిగాడు ఆ మసక కన్నుతోనే వాటన్నిటినీ వెతికి వెతికి తోలుకొచ్చాడు. వచ్చేసరికి వాడి నాలుక నేలను తాకుతోంది. అయినా చుట్టు తిరిగాడు. "భౌ" అన్నాడు.

సాయవ్వ వాడి కాళ్లు ఒత్తుతూ ఇంకో ఉపాయం ఆలోచించింది.

"ఓదెలూ, రేపు నువ్వు దడి వెనక పొదలో కూర్చుని మొరుగు. చుట్టు అయిపోయిందని బొల్లిగాడు అనుకుంటాడు. వచ్చి పడుకుంటాడు."

"నేనా? నాకు పెళ్లి కావాలి వదినా. పొదలో కూర్చుని మొరిగేవాడికి పిల్లనెవరిస్తారు?"

"ఈ దేశంలో మనల్ని చూసేదెవరు? మొరుగు."

మరునాడు ఓదెలు పొదలో దూరాడు. బొల్లిగాడు పావు దూరం నడిచాడో లేదో, ఓదెలు గొంతు సవరించుకుని "భౌ" అన్నాడు. బాగానే వచ్చింది కదా అని సరదా పుట్టి ఇంకో రెండుసార్లు అన్నాడు. బొల్లిగాడి చెవులు నిక్కపొడుచుకున్నాయి. ఎవడీ కొత్త కుక్క? నా మంద దగ్గర వీడికేం పని? వాడు మూలుగుతూ వెనక్కి తిరిగి, మళ్లీ మొదటి నుంచి, ఈసారి రెట్టింపు జాగ్రత్తగా చుట్టు మొదలుపెట్టాడు. అంతలో కొండ అవతలి మందల కుక్కలన్నీ ఓదెలు పిలుపుకు జవాబు చెబుతూ పరుగెత్తుకొచ్చాయి. ఓదెలు చెట్టెక్కాడు.

"అది కుక్క గొంతు కాదు" అంది ముసలి పొట్టేలు తాపీగా. "జలుబు చేసిన ఓదెలు గొంతు."

నీలి, కొమ్రు కడుపు పట్టుకుని నవ్వారు. సాయవ్వకు నవ్వు రాలేదు. బొల్లిగాడు ఆ సాయంత్రం రెండుసార్లు తూలి పడ్డాడు. పడిన ప్రతిసారీ లేచాడు.

"ఇక చాలు. వీడిని కదలనివ్వను" అనుకుంది సాయవ్వ. మూడోనాడు పొయ్యి పక్కన మెత్తటి గొంగడి పరిచింది. బొల్లిగాడిని పడుకోబెట్టి, ఇంకో గొంగడి కప్పి, నొప్పి పుట్టకుండా నడుముకు గుడ్డ చుట్టి, ఆ గుడ్డను గుంజకు కట్టింది. ముంతలో పాలు, గిన్నెలో మజ్జిగ, ఇంకో గిన్నెలో నీళ్లు, చుట్టూ చుట్టూ పెట్టింది.

పొద్దు వాలింది. గొర్రెలు దడిలోకి పోయాయి. గంటల చప్పుడు విని బొల్లిగాడు లేచి నిలబడ్డాడు. గుడ్డ లాగింది. వాడూ లాగాడు. గుంజ ఊడింది. బొల్లిగాడు బయలుదేరాడు. వాడి వెనక గుంజ, గుంజ వెనక గొంగడి, గొంగడి మీద మజ్జిగ గిన్నె. ఊరేగింపులాగా కదిలారు. కొమ్రు చప్పట్లు కొడుతూ వెంట నడిచాడు.

ఆ ఊరేగింపు దడి గుమ్మం దాకా సాగి ఆగింది. బొల్లిగాడు ముందు కాళ్ల మీద తల ఆనించి కూలబడ్డాడు. లేవాలని చూశాడు. లేవలేదు. మళ్లీ చూశాడు. ఈసారీ కాళ్లు మాట వినలేదు.

నీలి వెళ్లి వాడి పక్కన కూర్చుంది. గుడ్డ ముడి విప్పింది. చెవిలో అడిగింది.

"బొల్లితాతా, నువ్వు చచ్చిపోతున్నావా?"

"నీలీ! అదేం మాట? ఇటు రా! తాతకు కాస్త పడిశం పట్టింది, అంతే. రేపటికి గంతులేస్తాడు" అంటూ సాయవ్వ పరుగెత్తింది.

చాలా కాలంగా నోరు విప్పని బొల్లిగాడు అప్పుడు నోరు విప్పాడు.

"అవును తల్లీ" అన్నాడు నీలితో. "ఈరోజు కాదు గానీ, త్వరలోనే."

"నొప్పిగా ఉందా?"

"పడుకుంటే లేదు. లేస్తేనే."

"మరి ఎందుకు లేస్తున్నావు?"

బొల్లిగాడు తల తిప్పి సాయవ్వ వైపు చూశాడు. "అమ్మా, నీ ఒడిలో వచ్చినవాడిని. నీ ముందు గొప్పలు చెప్పను. కానీ సగం పనిలో దిగిపోవడం మా జాతికి పరువు తక్కువ. సెలవు మేం అడగకూడదు, మీరు ఇవ్వాలి. ఇస్తావేమోనని పోయిన వానల నుంచి రోజూ సాయంత్రం నీ చేతి వైపే చూస్తున్నాను."

సాయవ్వ వచ్చి వాడి పక్కన కూర్చుంది.

"నిన్ను కాపాడుకుంటున్నాననుకున్నాను రా" అంది. "ముద్ద పెడితే పోతావని..."

"పెట్టినా పోతానమ్మా. పెట్టకపోయినా పోతాను. పెడితే పడుకుని పోతాను. పెట్టకపోతే పడిపోయి పోతాను. అంతే తేడా."

సాయవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పిల్లల వైపు భయంగా చూసింది. నీలి కళ్లు తడిగా ఉన్నాయి. కానీ ఆ పిల్లే తల్లి భుజం తడుతోంది.

"అమ్మా, తాత ముసలివాడైపోయాడని నాకు ఎప్పుడో తెలుసు. తమ్ముడికీ తెలుసు. గొర్రెలకు కూడా తెలుసు. నీకు చెబితే ఏడుస్తావని ఎవరమూ చెప్పలేదు."

"నాకు చాలా ముందే తెలుసు" అంది దడి లోపలి నుంచి ముసలి పొట్టేలు. "నాకూ ఆ వయసే కదా."

సాయవ్వ ఎవరి నుంచి దాస్తున్నానని అనుకుందో వాళ్లంతా కలిసి తన నుంచే దాస్తున్నారు! ముందు ఏడుపు వచ్చింది. ఆ ఏడుపు సగంలో ఉండగానే నవ్వు వచ్చింది. రెండూ ఒకదానికొకటి అడ్డం పడి ఎక్కిళ్లు వచ్చాయి. కొమ్రు వచ్చి తల్లికి మజ్జిగ గిన్నె అందించాడు. అందులో మజ్జిగ లేదు, అంతా గొంగడి తాగేసింది. అయినా ఆమె తాగినట్టు నటించింది.

తరువాత లేచి, "బొల్లిగా, ఈ పూట చుట్టు నేను తిరుగుతాను. నువ్వు చూడు" అంది. దడి చుట్టూ తిరిగి వచ్చి, సిగ్గుపడుతూ, అందరూ వినేలా "భౌ" అంది.

"ఓదెలు కన్నా నయం" అంది పొట్టేలు.

మరునాడు పొద్దున్నే సాయవ్వ జొన్నలు విసిరింది. అంతకు ముందురోజే ఒక గొర్రె ఈనింది. ఆ గొర్రె దగ్గరికి వెళ్లి అడిగి, పిల్లకు మిగిలిన ముర్రుపాలు కాసిని పిండుకుని జున్ను కాచింది. కాపరుల కుక్కలకు జున్నంటే ప్రాణం. ప్రాణమైనా ఎవరూ పెట్టరు, పని చేసే కుక్కకు పొట్ట బరువెక్కుతుందని.

సాయంత్రం పొయ్యి చుట్టూ అందరూ చేరారు. గొర్రెలు కూడా దడి మీద నుంచి మెడలు చాచాయి. సాయవ్వ వేడి వేడి సంగటి ముద్ద చేసి, మధ్యలో గుంట చేసి, గుంట నిండా జున్ను పెట్టి, అలవాటు కొద్దీ ఊది ఊది, బొల్లిగాడి ముందు పెట్టింది.

"నీ పని అయింది బొల్లిగా. బాగా చేశావు. ఇక కూర్చో" అంది.

బొల్లిగాడు ముద్దను చూశాడు. అందరినీ చూశాడు. బతుకంతా చివర తిన్నవాడికి అందరూ చూస్తుండగా ముందు తినడం ఎలాగో తెలియలేదు. మొహమాటపడుతూ ఒక కొస కొరికాడు. జున్ను తగిలింది. అంతే, మొహమాటం పోయింది. తోక దానంతట అది ఊగింది. ఊగి ఊగి పొయ్యిలోని బూడిదంతా ఓదెలు మొహాన పోసింది.

అప్పుడు ముచ్చట్లు మొదలయ్యాయి.

బీరప్ప చెప్పాడు. "పిల్లలూ, మా చెల్లెలి పెళ్లిలో వీడు చేసింది మీకు తెలియదు. మగపెళ్లివాళ్లు విడిదిలో దిగారు. వీడు చుట్టూ తిరిగి అందరినీ ఒక్క చోటికి తోలాడు. పెళ్లికొడుకు స్నానానికి వెళ్తే వెళ్లనివ్వడు. పురోహితుడు బయటికి అడుగు పెడితే పంచె పట్టి లోపలికి లాక్కొస్తాడు. చివరికి ముహూర్తానికి పెళ్లికూతురే విడిదికి వచ్చి తాళి కట్టించుకుంది!"

ఓదెలు చెప్పాడు. "నా కొత్త చెప్పులు పోయాయని తోడేలును తిట్టాను, నక్కను తిట్టాను, కొండ అవతలివాళ్లను తిట్టాను. వీడు నాతో పాటు వెతికాడు. పొదపొదా వాసన చూశాడు. అయ్యో పాపం అన్నట్టు మొహం పెట్టాడు. ఆ చెప్పులు తలగడగా పెట్టుకుని పడుకునేది వీడే!"

కొమ్రుకు ముచ్చట చెప్పడం రాదు. లేచి నిలబడి, బొల్లితాత నడక నడిచి చూపించాడు. ముందు కాళ్లు ఒక దారి, వెనక కాళ్లు ఇంకో దారి. బొల్లిగాడే అందరికన్నా ఎక్కువ నవ్వాడు.

నీలి చెప్పింది. "అమ్మా, నేను ఉలవచారు గిన్నె నాకి నాకి తింటున్నానని మురిసిపోయేదానివి కదా? నాకింది నేను కాదు."

"ఆ!" అంది సాయవ్వ.

ఆ తరువాత అందరూ సాయవ్వ వైపు తిరిగారు. ఆమెకు ఏ ముచ్చట తలుచుకున్నా ఏడుపే వస్తోంది. నవ్వించకపోతే ఇంకొకటి చెప్పాలి మరి. పొయ్యిలో పుల్ల ఎగదోసి మొదలుపెట్టింది.

"ఒకసారి వీడు భౌ అన్నాక కూడా నాకు నమ్మకం కుదరక గొర్రెలను లెక్క పెట్టాను. ఒక పిల్ల తగ్గింది. గుట్ట ఎక్కాను, వాగు దిగాను. వీడు నా వెనకే వస్తూ నా వీపు చూసి ఒకటే మొరుగుడు. 'నన్ను చూసి మొరుగుతావేంరా, పోయి వెతకరా' అని తిట్టాను. చీకటి పడేదాకా తిట్టాను. ఇంటికొచ్చి గొంగడి విప్పితే, పొద్దున చలికి వణుకుతోందని నేనే వీపుకు కట్టుకున్న పిల్ల, హాయిగా నిద్రపోతోంది."

బీరప్ప పొట్ట పట్టుకున్నాడు. ఓదెలు నేల మీద దొర్లాడు. దడి మీద మెడలు ఆనించిన గొర్రెలన్నీ ఒక్కసారిగా బేబే అని నవ్వాయి.

"ఆ పిల్లను నేనే" అంది గుంపులోంచి ఒక గొర్రె. "మంచి నిద్ర అది."

ఆ సాయంత్రం సంగటి వేడివేడిగా తిన్నారు. ఓదెలు మూడు ముద్దలు తిన్నాడు.

బొల్లిగాడు ఆ తరువాత చాలా రోజులు ఉన్నాడు. పొద్దున ఎండ ఎటుంటే అటు పడుకునేవాడు. ఎండ జరిగితే తనూ జరిగేవాడు. దడి చుట్టూ తిరిగే పని తూనీగ అనే కుర్రకుక్కకు ఇచ్చారు. తూనీగ సగం చుట్టులో సీతాకోకచిలుకను చూసి అటు పరుగెత్తేది. "అమ్మాయీ, గొర్రెలు ఇటు" అని బొల్లిగాడు పడుకున్న చోటి నుంచే చెప్పేవాడు. సాయవ్వ పని మధ్యలో వచ్చి వాడి పక్కన కూర్చునేది. పుట్టింటి మాటలు చెప్పేది. అంతకు ముందు ఎన్ని ఏళ్లున్నా, వాడితో అలా ఊరికే కూర్చునే తీరిక ఆమెకు దొరకలేదు.

ఒక ఉదయం ఎండ జరిగింది. బొల్లిగాడు జరగలేదు.

నీలి ఏడ్చింది. కొమ్రు ఏడ్చాడు. సాయవ్వ పిల్లల కళ్లు తుడవబోయి, ఆగి, వాళ్లను దగ్గరికి తీసుకుని తనూ ఏడ్చింది. ముగ్గురూ ఏడ్చినంతసేపు ఏడ్చారు. ఆ ఏడుపుకు కొండ కూలలేదు. వాగు పొంగలేదు. కాసేపటికి కొమ్రు ముక్కు ఎగబీలుస్తూ, "తాత పంచె పట్టి లాగాడు" అన్నాడు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కళ్లలో నీళ్లుండగానే ముగ్గురికీ నవ్వొచ్చింది.

ఎండ ఎక్కువసేపు నిలిచే చోట, మెత్తటి మట్టిలో బొల్లిగాడిని పడుకోబెట్టారు. గొర్రెలు వరసగా వచ్చి చూసి పోయాయి. ముసలి పొట్టేలు మాత్రం అక్కడే కూర్చుని చాలాసేపు నెమరు వేసింది.

కొత్త దేశంలో తమకు ఎవరూ లేరని సాయవ్వ ఆ తరువాత ఎప్పుడూ అనలేదు. కొండ అవతలి మందలవాళ్లు సంగతి విని పలకరించడానికి వచ్చారు. ఓదెలు మొరుగుడు గురించి అడిగి మరీ చెప్పించుకున్నారు. వాళ్లలో ఒకాయన తన కూతురికి ఓదెలును అడిగాడు కూడా. అది ఇంకో కథ.

పిల్లలూ, ఇందులో నీతి ఇది: మనవాళ్లు వెళ్లే వేళ వచ్చినప్పుడు నిజం దాచి పట్టి ఉంచడం ప్రేమ కాదు, కడుపు నిండా పెట్టి, నోరారా మెచ్చుకుని, నవ్వుతూ సెలవివ్వడమే ప్రేమ.